ఎనిమిదో సీటు

ఆ ఇంట్లో ఉండేది నలుగురు. కొన్నది ఎనిమిది సీట్ల బండి. మిగతా నాలుగు సీట్లలో ఎవరు కూర్చుంటారని అడగాల్సిన మనిషి ఇంటి పెద్దాయన. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. అడిగే రకం కాదు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఇంట్లో ఏదో జరిగిందని అర్థం.

కొడుకు వీధి చివర ఫర్నిచరు కొట్లో పనిచేస్తాడు. నలుగురున్న ఇంటికి ఎనిమిది కుర్చీల టేబులు అంటగట్టడం అతని పని. "రేపు చుట్టాలొస్తే ఎక్కడ కూర్చోబెడతారండీ?" అంటాడు. పదహారేళ్లుగా ఆ మాట అనీ అనీ చివరికి తనే నమ్మాడు. బండి తెచ్చిన రోజు తాళాలు వేలికి తిప్పుకుంటూ వచ్చి, "ఇక అందరం కలిసి ఎక్కడికైనా వెళ్లొచ్చు నాన్నా," అన్నాడు.

"అందరం అంటే ఎవరెవరండీ?" అంది కోడలు.

"అందరమే."

"నేను, మీరు, పిల్ల, మావయ్య. ఇంకా?"

"రేపు చుట్టాలొస్తే?"

ఆ ఇంటికి చుట్టమంటూ వచ్చేది ఆమె తమ్ముడొక్కడే. వెనక సందులో ఉంటాడు, బస్సు కండక్టరు. నడిచి వస్తాడు, టీ తాగుతాడు, నడిచి పోతాడు. అతనికి బండి అక్కర్లేదు, చక్కెర ఎక్కువ వేస్తే చాలు.

బండి వచ్చిన మూడో వారం పెట్రోలు ధర పెరిగింది. ఐదో వారం మళ్లీ పెరిగింది. "నువ్వు కొన్నావని వాళ్లకెవరో చెప్పుంటారు బావా," అన్నాడు కండక్టరు. బావ నవ్వలేదు.

అసలు కష్టం పెట్రోలుతో రాలేదు. నిలబెట్టే చోటుతో వచ్చింది. బయట సందు ఇరుకు. చెత్త లారీ వచ్చిందంటే ఏదో ఒక అద్దం గీసుకుపోతుంది. అందుకని వాకిట్లోకి తేవాలి. గేటు నుంచి లోపలికి పల్లం. బండి గోడ పక్కనుంచి జారుకుంటూ వచ్చి, వాకిలి అయిపోయిన చోట ఆగింది. గోడకీ బండికీ మధ్య జానెడు. ఆగింది సరిగ్గా ముందు గది కిటికీకి అడ్డంగా.

ఆ కిటికీ కిందే పెద్దాయన బల్ల ఉంది.

నలభై ఏళ్లుగా ఆ బల్ల అక్కడే ఉంది. ఎడమ వైపు నుంచి వెలుగు పడాలి. కుడి చేతి నీడ పని మీద పడకూడదు. కంటికి భూతద్దం బిగించుకుని, సన్న పట్టకారుతో నువ్వుగింజలో సగం ఉండే మరమేకును పట్టుకోవాలంటే వెలుగే సగం చెయ్యి. బండి వచ్చాక ఆ కిటికీలోంచి కనిపించేది తెల్ల రేకు. పొద్దున ఎనిమిదింటికి కూడా గదిలో సాయంత్రమే.

కోడలు టేబులు లైటు తెచ్చింది. ఆ వెలుగు ఇత్తడి చక్రాల మీద పడి సూదిలా కంట్లో గుచ్చింది. వంటింటి కిటికీ దగ్గర కూర్చుంటే అద్దానికి ఆవిరి పట్టింది. డాబా మీదికెళ్తే గాలికి ఒక మరమేకు ఎగిరిపోయింది. దాన్ని పెద్దాయన, మనవరాలు రెండు గంటలు వెతికారు. దొరకలేదు. ఆయన బల్ల దగ్గరికే తిరిగొచ్చి కొడుకుతో అన్నాడు.

"బండి కాస్త జరుపు."

"జరపాలంటే స్టార్టు చెయ్యాలి నాన్నా. చల్లబడ్డ బండి స్టార్టు చేస్తేనే ఎక్కువ తాగుతుంది. వెనక్కి తీసి, సందులో తిప్పి, మళ్లీ లోపలికి పెట్టేసరికి..." కొడుకు ఆ మాట పూర్తి చేయలేకపోయాడు. పైగా అటు తిప్పి పెట్టినా వాకిలి అయిపోయే చోటు అదే.

"నెడదాం," అంది మనవరాలు.

నెట్టారు. కోడలు, మనవరాలు, కండక్టరు ముగ్గురూ కలిసి గేటు వైపు ఎగువకు నెట్టారు. బండి కదల్లేదు. కండక్టరు నడుం కదిలింది. మూడు రోజులు బస్సులో కడ్డీ పట్టుకుని టికెట్లు కొట్టాడు.

మరి బండి బయటికి ఎప్పుడు తీస్తారు? నిండినప్పుడు తీస్తారు. ఈ సూత్రం పైభాగంలో అద్దెకుండే లెక్కల మాస్టారిది. ఒకరోజు మెట్లు దిగుతూ, కొడుకు బండి అద్దం తుడుస్తూ నిట్టూర్చడం చూసి ఆగాడు.

"ఒక్కడివే వెళ్తే పెట్రోలు ఖర్చంతా ఒక్క తల మీద పడుతుంది. ఎనిమిదిమంది వెళ్తే ఎనిమిదో వంతు. అప్పుడు బస్సు కంటే చవక. బండిది తప్పు కాదయ్యా, భాగహారానిది."

కొడుకుకు ప్రాణం లేచొచ్చింది. ఆరోజు నుంచి ఇంట్లో అదే చట్టం. ఎనిమిదికి ఒకరు తగ్గినా బండి కదలదు. తల ఒక్కింటికి పడేది తగ్గింది నిజమే. ఆ తలలన్నిటికీ కట్టే తల మాత్రం ఒక్కటే. ఆ సంగతి మాస్టారు లెక్కలోకి రాలేదు, ఆయన తల కూడా ఆ ఎనిమిదిలో ఉంది కాబట్టి.

బజారు నడిచేంత దగ్గర కాదు. పోనీ బస్సులో వెళ్దామంటే, ఇంత బండి ఇంట్లో పెట్టుకుని బస్సెక్కితే నలుగురూ ఏమనుకుంటారని కొడుకు పట్టుదల. దాంతో పనులన్నీ వరసలో నిలబడ్డాయి. కోడలి కళ్లజోడు విరిగితే దారం కట్టుకుని పదకొండు రోజులు ఆగింది. మనవరాలికి బొమ్మలు వేసే పెద్ద కాగితం ఒకటి కావాల్సొస్తే, ఆ ఒక్క కాగితం కోసం ఏడుగురు వెంట వెళ్లారు. పెళ్లికూతురు వెంట కూడా అంతమంది పోరు.

"బావా, నా బస్సే నయం," అన్నాడు కండక్టరు. "ఇద్దరెక్కినా కదుల్తుంది. ఎవరూ ఎక్కకపోయినా కదుల్తుంది."

"నీది గవర్నమెంటు పెట్రోలు. నాది సొంతం."

"అదే చెబుతున్నా. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె."

"మీసాల సంగతి నీకెందుకురా, నీకవి మొలవనే లేదు," అంది అక్క లోపల్నుంచి. ఎంతైనా మొగుడు మొగుడే.

ఇదిలా ఉండగా నర్సమ్మ వచ్చింది. చిన్నాసుపత్రిలో పనిచేస్తుంది. ఆమె రవికెకు పిన్నుతో తగిలించుకునే గడియారం ఒకటి ఉంది. తలకిందులుగా వేలాడుతుంది, ఆమె తల దించి చూసుకుంటే తిన్నగా కనిపిస్తుంది. వాళ్లమ్మ కూడా నర్సే. అమ్మ నాడి చూసిన గడియారంతోనే కూతురూ చూస్తోంది. అది నేల మీద పడి ఆగిపోయింది.

పెద్దాయన మూత తీసి చూశాడు. ఊగే చక్రం ఇరుసు విరిగింది. వెంట్రుకంత స్ప్రింగు చిక్కుపడింది.

"ఈ సోమవారం కాక పై సోమవారం వరకూ సెలవులో ఉన్నానండీ," అంది నర్సమ్మ. "ఆ రోజు డ్యూటీకి పోతూ తీసుకుంటా. కాకపోతే చెప్పండి, మొహమాటం లేదు. బజారులో కుర్రాళ్లు లోపలి యంత్రం పీకేసి బ్యాటరీది పెడతామన్నారు. అర గంట పనట."

పెద్దాయన గడియారం వైపు చూశాడు. చావు కబురు చల్లగా చెప్పినట్టుంది. పీకేసిన యంత్రాలు ఎక్కడికి పోతాయో ఆయనకు తెలుసు. బజారు కొట్ల ముందు రేకు డబ్బాలో వేసి, తూకానికి అమ్ముతారు. ఈ నాలుగు నెలల్లో ఆయన దగ్గర్నుంచి అలా పోయినవి ఆరు. చీకట్లో చేయలేక ఆయనే తిరిగిచ్చాడు. ఇది కూడా పోతే ఆ బల్ల మీద పెట్టడానికి మందు సీసాలు తప్ప ఏమీ ఉండవు. బల్ల దగ్గర పనిలేని ముసలివాణ్ణి ఏమంటారో కూడా ఆయనకు తెలుసు. ఏమీ అనరు. టీవీ వైపు తిప్పి కూర్చోబెడతారు.

"అవుతుంది," అన్నాడు.

మూడు రోజులు ఏమీ కాలేదు. నాలుగో రోజు మాస్టారింటికి బంధువులెవరో దిగారు. అనుకోకుండా ఎనిమిది నిండింది. బండి గర్రుమంటూ గేటు దాటింది. బల్ల మీద వెలుగు పడింది. పెద్దాయన కుర్చీ మీదికి దూకినంత పనిచేశాడు. రెండున్నర గంటల్లో యంత్రమంతా విప్పి, పాత ఇరుసు తీసి, తన దగ్గరున్న డబ్బాలోంచి దానికి సరిపడేది ఏరి అరగదీశాడు. బండి తిరిగొచ్చి కిటికీ మూసేసింది. పట్టకారు కింద పెట్టి ఆయన ఆలోచించాడు. ఇన్నాళ్లూ వెలుగు సూర్యుడి చేతిలో ఉందనుకున్నాడు. కాదు. వెలుగు ఎనిమిదిమంది పనుల్లో ఉంది.

మర్నాడు ఆ సందులో వాళ్లు ఒక వింత చూశారు. గడియారాలాయన గడప దాటి బయటికొచ్చాడు. మెట్ల దగ్గర మాస్టారిని ఆపాడు.

"చెప్పు తెగినట్టుంది."

"ఎవరిదండీ?"

"మీది."

మాస్టారు వంగి చూసుకున్నాడు. తెగలేదు. కానీ తెగేలా ఉంది. నలభై ఏళ్లు చిన్న వస్తువుల్ని చూసిన కన్ను చెబితే కాదనడమెలా? కొత్త చెప్పులు కొనుక్కోవాలనుకున్నాడు.

ఎదురింట్లో టైలరమ్మ మిషను తొక్కుతోంది. పెద్దాయన గుమ్మంలో నిలబడ్డాడు.

"దారం ఉందా?"

"ఉంది బాబాయ్ గారూ. ఏమైనా కుట్టాలా?"

"అయిపోతుంది," అని వచ్చేశాడు.

ఆమె ఆ సాయంత్రమే దారపు ఉండలన్నీ లెక్కపెట్టుకుంది. నిజంగానే నల్లది తక్కువగా ఉంది. టైలరమ్మ అత్తగారు అరుగు మీద బుగ్గ పట్టుకుని కూర్చుని ఉంది. పెద్దాయన కళ్లు మెరిశాయి.

"పన్నా?"

"సలుపుతోందన్నయ్యా, రెండు రోజుల్నుంచి."

"ముదురుతుంది."

ఇంతే. ఎక్కువ మాట్లాడేవాడి మాట ఎవరూ వినరు. ఎన్నడూ మాట్లాడని వాడు ఒక్కటంటే ఊరు అదిరిపోతుంది. బుధవారం సాయంకాలం కొడుకు పని నుంచి పెందలాడే వచ్చేసరికి బండి దగ్గర ఏడుగురు సంచులతో నిలబడి ఉన్నారు. ఆ గంటన్నర వెలుగులో పెద్దాయన కొత్త ఇరుసు బిగించాడు. శుక్రవారం పొద్దున మళ్లీ నిండింది. చక్రాలన్నీ కడిగి, నూనె చుక్కలు పెట్టి, ఎక్కడివక్కడ కూర్చోబెట్టాడు. మిగిలింది చిక్కుపడ్డ స్ప్రింగు విప్పి, ఊగే చక్రాన్ని దాని చోట నిలపడం. అదొక్కటే రెండు గంటల పని. గడియారానికి ప్రాణం పోసే పని కూడా అదే.

కొడుకు మాత్రం గాల్లో తేలుతున్నాడు.

"చూశావురా? ఎవరో బండి దండగ అన్నారు. ఇప్పుడు వీధంతా నా బండి కోసం ఎదురుచూస్తోంది."

"వీధి ఎదురుచూడక ఏం చేస్తుంది బావా? టికెట్టు లేని బస్సు."

"పన్నెండు సీట్లది ఒకటి చూశాను. పాతదే. తలకి ఇంకా తగ్గుతుంది."

లోపల బల్ల దగ్గర పట్టకారు టంగుమని పడింది. పన్నెండు సీట్లదంటే కిటికీతో పాటు గుమ్మం కూడా మూసుకుపోతుంది. తను తీసిన గోతిలో తనే పడటమంటే ఇదేనని పెద్దాయనకు అర్థమైంది. చేసేది లేదు. ముందు ఆదివారం గట్టెక్కాలి.

ఆదివారానికి ఆయన గట్టి ఏర్పాటే చేశాడు. కొడుకు, కోడలు, మనవరాలు, మాస్టారు, మాస్టారి భార్య, టైలరమ్మ, సెలవులో ఉన్న కండక్టరు. ఎనిమిదో మనిషి టైలరమ్మ అత్తగారు. ఆమె పన్ను మీద ఆయన కొండంత ఆశ పెట్టుకున్నాడు. పొద్దున్నే లేచి బల్ల తుడిచి, తెల్ల గుడ్డ పరిచి, పనిముట్లు వరసగా పేర్చాడు.

తొమ్మిదింటికి టైలరమ్మ ఒక్కతే వచ్చింది.

"అత్తయ్య రారటండీ. రాత్రి లవంగం పెట్టుకున్నారు, హాయిగా తగ్గిపోయింది."

ఒకరి నొప్పి తగ్గితే ఇంకొకరు అంత బాధపడటం ఆ సందులో ఎన్నడూ జరగలేదు. కిటికీ లోపలి నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "మళ్లీ వస్తుంది."

"ఏడుగురమే," అన్నాడు కొడుకు. తాళాలు జేబులో వేసుకోబోయి ఆగాడు. మొహం వెలిగింది. "నాన్నా! నువ్వు రా. నువ్వొస్తే ఎనిమిది."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. వెళ్తే బల్ల మీద బంగారం లాంటి వెలుగు పడుతుంది, బల్ల ముందు మనిషి ఉండడు. వెళ్లకపోతే మనిషి ఉంటాడు, వెలుగు ఉండదు. నాలుగు నెలల్లో ఆ బండి ఆయనకు చేసిన అన్యాయాలన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు.

ఏడుగురూ గుమ్మం వైపు చూస్తున్నారు. మనవరాలు లోపలికొచ్చి బల్ల చూసింది, తాత మొహం చూసింది. "తాతయ్యా, డబ్బా నేను పట్టుకోనా?" అంది.

ఆయన ఆ పిల్ల వైపు కాసేపు చూశాడు. తెల్ల గుడ్డ నాలుగు మడతలు పెట్టాడు. పనిముట్లు, గడియారం చెక్క డబ్బాలో సర్దాడు. వంటింట్లోంచి పళ్లెం ఒకటి తీసుకున్నాడు. డబ్బా మాత్రం పిల్లకివ్వలేదు, చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు.

"షికారుకు పళ్లెమెందుకు నాన్నా?"

ఆయన బండెక్కాడు. అందరి కంటే వెనక వరసలో, కిటికీ పక్కన ఎనిమిదో సీటులో కూర్చున్నాడు. బండి కొన్నాక ఆయన అందులో ఎక్కడం అదే మొదటిసారి.

బజారు పక్క ఖాళీ స్థలంలో బండి ఆగింది. ఏడుగురూ ఏడు దారులు పట్టారు. పెద్దాయన కదల్లేదు. తల తిప్పి చూశాడు. మూడు వైపులా అద్దాలే. ఎడమ నుంచి వెలుగు, ఎత్తుగా, సమంగా, సొంతింట్లో కూడా ఎన్నడూ రానంత వెలుగు. అద్దాలు మూస్తే గాలి లేదు, దుమ్ము లేదు. ఎదుటి సీటు వెనక భాగం సరిగ్గా మోచేతి ఎత్తున ఉంది. తన వెలుగంతా మింగేసిన బండి, దాన్ని ఇక్కడ దాచుకుందన్నమాట.

చెమట పనిలో పడకుండా నుదుటికి తుండుగుడ్డ చుట్టుకున్నాడు. పళ్లెం మోకాళ్ల మీద పెట్టి, దాని మీద గుడ్డ పరిచి, కంటికి భూతద్దం బిగించాడు. పని మొదలుపెట్టాడు.

గంటకు మాస్టారు కొత్త చెప్పులతో వచ్చి తలుపు మీద చెయ్యేశాడు.

"ఎక్కకండి. ఊగుతుంది."

మాస్టారు ఎండలో నిలబడ్డాడు. తర్వాత ఆయన భార్య వచ్చింది. తర్వాత టైలరమ్మ, కోడలు, మనవరాలు, కండక్టరు. ఒక్కొక్కరే వచ్చి బండి పక్కన వరసగా నిలబడ్డారు, చేతుల్లో సంచులతో. చివరికి బండి సొంతదారు వచ్చాడు.

"నాన్నా, అందరూ వచ్చారు. పోదామా?"

"ఆగు."

"ఎంతసేపు?"

ఇంకెవరూ మాట్లాడకుండా కోడలు పెదవుల మీద వేలు పెట్టింది. దారినపోయే ఒకావిడ ఆ వరస చూసి, తనూ చివర నిలబడి, "ఎక్కడికి పోతుందయ్యా ఇది?" అంది.

"ఎక్కడికీ పోదమ్మా," అన్నాడు కండక్టరు, అలవాటైన గొంతుతో. "ఒక్కడితోనే నిండిపోయింది."

మరో ఇరవై నిమిషాలకు వెనక అద్దం మీద లోపల్నుంచి వేలితో తట్టిన చప్పుడైంది. మనవరాలు పరిగెత్తి వెళ్లి చెవి ఆనించింది. పెద్దాయన గడియారాన్ని అద్దానికి ఆ వైపు పట్టుకుని ఉన్నాడు.

"కొట్టుకుంటోంది!" అని అరిచింది పిల్ల.

సోమవారం పొద్దున నర్సమ్మ వచ్చింది. గడియారం తగిలించుకుని, అక్కడే నిలబడి తన నాడి తనే చూసుకుంది. ఒక నిమిషం లెక్కపెట్టింది. "సరిగ్గా ఉంది," అంది. నాడి సంగతో గడియారం సంగతో చెప్పలేదు. పోతూ పోతూ, "మా ఆసుపత్రిలో ఇద్దరి దగ్గర ఇలాంటివే మూలన పడున్నాయి. పంపించనా?" అంది.

"పంపు."

మంగళవారం పొద్దున కొడుకు వాకిట్లోకొచ్చేసరికి బండి తలుపు తీసి ఉంది. వెనక వరస మడిచేసి ఉంది. దాని చోట పెద్దాయన బల్ల మీది చెక్క, చిన్న పీట, డబ్బాలు. పైన పట్టుకునే పిడులకు మూడు గోడ గడియారాలు వేలాడుతున్నాయి. మధ్యలో పెద్దాయన, కంటికి భూతద్దం.

"ఇదేంటి నాన్నా? ఇలా పెడితే మనుషులెక్కడ కూర్చుంటారు?"

"ఐదుగురు పడతారు."

కొడుకు మాస్టారిని కేకేశాడు. మాస్టారు మెట్ల మీదే నిలబడి వేళ్లు ముడిచాడు, తెరిచాడు. "ఐదుతో భాగిస్తే రాదయ్యా," అన్నాడు. "బస్సే చవక."

సూత్రం సూత్రమే. పెట్టింది కొడుకే. బండి ఆ రోజు కదల్లేదు, మర్నాడూ కదల్లేదు. ఇక పట్టుదలకు కూడా పని లేకుండా పోయింది. ఇంటిల్లిపాదీ బస్సెక్కి బజారుకు వెళ్లింది. కండక్టరు బావకు ప్రత్యేకంగా సీటు తుడిచి, వంగి దండం పెట్టి టికెట్టు ఇచ్చాడు. "రేపు చుట్టాలొచ్చినా తీసుకురా బావా. యాభై సీట్లు."

పన్నెండు సీట్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నెల తిరక్కుండా పెట్రోలు మరోసారి పెరిగింది. వీధంతా తిట్టుకుంది. ఆ ఇంట్లో ఒక్కరు కూడా తల ఎత్తి చూడలేదు. కొడుకు కొట్లో అందరికీ చెప్పుకుంటున్నాడట, "మా నాన్న కోసమే అంత పెద్ద బండి కొన్నాను. ఆయన పనికి వెలుగు కావాలి కదా. ముందుచూపుండాలి," అని. ఆ మాట చెప్పి ఒకరికి పది కుర్చీల టేబులు కూడా అమ్మాడు.

సాయంత్రాలు అతను పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, డ్రైవరు సీటులో కూర్చుంటాడు. స్టీరింగు మీద చేతులు వేసి ముందు గోడ వైపు చూస్తాడు. వెనక నాలుగైదు గడియారాలు టకటకమంటుంటాయి.

"ఎలా ఉంది బావా బండి?" అని అడిగాడు ఒకరోజు కండక్టరు, టీ గ్లాసుతో గేటు దగ్గర నిలబడి.

"చుక్క పెట్రోలు తాగట్లేదురా," అన్నాడు బావ. ఆ మాట గర్వంగా చెప్పాడో, బాధగా చెప్పాడో కండక్టరుకు తెలియలేదు. బావకు కూడా తెలిసినట్టు లేదు. చీకటి పడుతోందని అతను లేచి దిగాడు.

"తలుపు నెమ్మదిగా వెయ్యి," అన్నాడు వెనక నుంచి తండ్రి.